కింది తూము వాళ్ళు

కిందటేడు ఫిబ్రవరిలో ఒక శనివారం పొద్దున, పెర్త్ శివారు హారిస్‌డేల్‌లో మా పక్కింటి పెరట్లో ఉన్నవి ఇవి: గోడ నీడన ఒకదాని మీద ఒకటి పేర్చిన టమాటా పెట్టెలు, తొక్కనూ గింజలనూ ఒక పక్కకు, గుజ్జును మరో పక్కకు నెట్టే మోటారు యంత్రం, కడిగి బోర్లించిన పాత బీరు సీసాలు, వాటికి మూతలు బిగించే ఇనప పిడి, గ్యాస్ పొయ్యి మీద నీళ్ళు నింపిన డ్రమ్ము, ఒక బకెట్ నిండా తులసిలాంటి బేసిల్ ఆకు. ఉన్నవాళ్ళు: ఎనభైకి దగ్గరపడిన ఇంటాయన, డార్విన్ నుంచి వచ్చిన ఆయన కూతురు, నా భార్య, నేను.

ఆయన ఇటాలియన్. ఎనిమిదేళ్ళ వయసులో తల్లిదండ్రులతో ఓడలో ఈ దేశానికి వచ్చాడు. మా వీధి, వెనక వీధి, పార్కు ఉన్న చోటు అంతా ఒకప్పుడు వాళ్ళ కూరగాయల తోట. ముక్కలు ముక్కలుగా బిల్డర్లకు అమ్మగా చివరికి ఆ పాత ఇల్లు, పెరడు మిగిలాయి. చుట్టూ మా ఇంటిలాంటి బూడిదరంగు కొత్త ఇళ్ళు. నేను డేటా ఇంజనీర్ని. స్కిల్డ్ వీసా మీద వచ్చి, ఆయన టమాటాలు పండిన నేల మీద ఇల్లు కట్టుకున్నాను.

మేం ఆయన్ను అంకుల్ అనేవాళ్ళం. మొదటిసారి అన్నప్పుడు నన్ను తేరిపార చూసి, "నాకు అన్నదమ్ములే లేరు, నీకు అంకుల్ని ఎట్లా అయ్యాను?" అని అడిగాడు. మా దగ్గర పెద్దవాళ్ళందరూ అంకుల్సే అని నా భార్య చెప్పింది. "అయితే మీ దగ్గర పుట్టాల్సింది" అన్నాడు. అప్పటినుంచి మాకు ఏటా టమాటా గుజ్జు సీసాలు అందుతున్నాయి, పని చేసినందుకు కూలి కింద.

ఆ శనివారం నేను సీసాల్లో ఆకు వేస్తున్నాను, ఆయన గుజ్జు పోస్తున్నాడు. చెయ్యి ఆపకుండానే, "నా ఇంటిపేరు వాళ్ళు ఇంకా ఎంతమంది మిగిలారో నీ కంప్యూటర్లో చూడగలవా?" అని అడిగాడు. మూతలు బిగిస్తున్న కూతురు పిడి వదిలేసి తండ్రి వైపు చూసింది. ఆమె పెళ్ళయినప్పుడు భర్త ఇంటిపేరు తీసుకుంది. ఆయన భార్య పోయింది. ఆస్ట్రేలియాలో ఆ పేరు ఉన్నవాడు ఆయన ఒక్కడే. అది ఆయనకు తెలుసు. ఆయనకు కావలసింది లెక్క కాదు, చెల్లెలు.

వాళ్ళు ఓడ ఎక్కే ముందు జరిగిన వైద్య పరీక్షలో ఏడాది పిల్లకు ఊపిరితిత్తుల మీద మచ్చ కనిపించిందట. పిల్లను రానివ్వం అన్నారు. నానమ్మ దగ్గర వదిలి వచ్చారు, నయమయ్యాక తెప్పించుకోవాలని. ఇక్కడికి వచ్చిన కొన్నాళ్ళకే తల్లి పోయింది. తండ్రికి రాయడం రాదు. అక్కడ నానమ్మ కూడా పోయాక పిల్లను దూరపు బంధువులెవరో తీసుకెళ్ళారు. నడివయసులో ఈయన ఒకసారి వెతుక్కుంటూ వెళ్ళాడు. ఆగస్టు సెలవులు. ఊరి ఆఫీసుకు తాళం, సగం ఇళ్ళకు తాళాలు. ఒక ముసలామె మాత్రం, ఆ పిల్లకు కింద మైదానంలో ఎక్కడో పెళ్ళయిందని చెప్పింది.

"పెళ్ళయిందంటే పేరు మారిపోయినట్టే కదా. పేరు లేని మనిషిని ఎక్కడ వెతకను? వచ్చేశాను" అన్నాడు.

మరి ఇన్నేళ్ళకు ఇప్పుడెందుకని నేను అడగలేదు. ఆయనే చెప్పాడు. జ్ఞాపకశక్తి పరీక్షలు చేశారట. ఇప్పటికి బాగానే ఉంది, ముందు ముందు బాగుండదని డాక్టరు చెప్పిందట.

"ఆమె దొరకడం ఒక్కటే చాలదు. దొరికినప్పుడు ఆమె ఎవరో నాకు తెలియాలి" అన్నాడు.

సీసాలు డ్రమ్ములో మరుగుతుండగా కూతురు నన్ను కంచె దగ్గరికి పిలిచింది. ఆమె ఆసుపత్రిలో నర్సు, మాట సూటిగా ఉంటుంది. ఆయనకు ఆశ పెట్టొద్దంది. దొరక్కపోతే నువ్వు వేరే పనిలో పడతావు, ఆయన రోజూ అదే అడుగుతూ ఉంటాడు, ఫోన్లో జవాబు చెప్పుకోవాల్సింది నేను అంది. నేను ఆశ పెట్టనని, పని మాత్రం చేస్తానని చెప్పాను. ఆ రెండింటికీ తేడా ఉందని అప్పట్లో గట్టిగా నమ్మాను.

ఏ పనైనా ముక్కలు చేసుకుంటే తప్ప నేను మొదలుపెట్టలేను. ఈ పనిని మూడు ముక్కలు చేశాను. పేరు ఎక్కడ పుట్టింది, దానికి అర్థమేమిటి, అది ఇప్పుడెక్కడ బతికి ఉంది.

అర్థం గురించి ఆయన దగ్గర ఒక కథ ఉంది. వాళ్ళ పూర్వీకుడు ఒక కోటకు కాపలాదారట, యుద్ధంలో ప్రభువు ప్రాణం కాపాడినందుకు ఆ పేరు ఇచ్చాడట. నేను చదివిన ప్రతిచోటా ఇంకోలా ఉంది. ఆల్ప్స్ కొండల దిగువన వానాకాలం నీళ్ళూ మంచు కరిగిన నీళ్ళూ కాలవల్లో పారించి, ఏ పొలానికి ఎంతసేపో చూసి తూము ఎత్తి దించే మనిషికి ఊరు పెట్టిన పేరది. ముందు పనికి పేరు. చర్చిల్లో పెళ్ళిళ్ళూ బాప్తిజాలూ రాసిపెట్టడం మొదలయ్యాక ఆ పని చేసే తండ్రి పేరు, పని చేయని కొడుక్కీ అంటుకుంది. తెలంగాణలో పుట్టినవాడికి ఇది విడమరిచి చెప్పనక్కర్లేదు. మా అమ్మమ్మ వాళ్ళ ఊళ్ళో చెరువు తూము దగ్గర నీళ్ళు వదిలే ఆయన్ను నీరటి అనేవాళ్ళు. ఆయన మనవలు ఇప్పుడు హైదరాబాదులో ఉద్యోగాలు చేస్తున్నారు, ఆ పేరే వాళ్ళ ఇంటిపేరు.

కోటా లేదు, ప్రభువూ లేడని చెప్పడానికి కొంచెం భయపడ్డాను. నీరటి అంటే ఏమిటో చెప్పాను. ఆయన విని, "మంచిది. కాపలావాడు రాత్రంతా నిలబడతాడు, అంతే. నీళ్ళు పంచేవాడితో అందరికీ పని ఉంటుంది" అన్నాడు. కోట కథ మళ్ళీ ఎప్పుడూ చెప్పలేదు. ఆ వారం తన పెరటి డ్రిప్ పైపులన్నీ విప్పి సరిచేసుకున్నాడు.

తరువాత పటం. ఆన్‌లైన్లో దొరికిన పాత టెలిఫోన్ డైరెక్టరీల నుంచి ఆ ఇంటిపేరు ఉన్న వరుసలన్నీ తీసి ఇటలీ పటం మీద చుక్కలుగా వేశాను, పక్కన అంచులో పెర్త్ అని రాసి ఒకటి అంకె వేశాను. అరుదైన పేరంటే ఏమిటో అప్పుడు కంటికి తెలిసింది. తెర మీద దేశమంతా ఖాళీ. ఉత్తరాన స్విట్జర్లాండ్ సరిహద్దు దగ్గరి ఒక లోయలో చిన్న గుత్తి, దాని కిందుగా మైదానంలోని పట్టణాల్లో చెదురుమదురుగా కొన్ని, ఎక్కడో దక్షిణాన ఇంకో చిన్న గుత్తి.

ఇక్కడ మొదటి తప్పు చేశాను. ఇంటిపేరు ఒకటైతే అందరూ ఒకే కుటుంబం అనుకున్నాను. మన దగ్గర అంతే కదా, ఒకే ఇంటిపేరు వాళ్ళు ఎంత ముక్కూముఖం తెలియకపోయినా అన్నదమ్ముల వరస, సంబంధాలు కలుపుకోరు. దక్షిణాన ఉన్న ఒకాయనకు, మా అంకుల్ దాయాదే అయినట్టు ఊహించుకుని ఈమెయిల్ రాశాను. ఆయన మర్యాదగా జవాబిచ్చాడు. కాలవలు అన్నిచోట్లా ఉన్నాయి, తూములు ఎత్తేవాళ్ళూ అన్నిచోట్లా ఉన్నారు, మా తాతలెవరూ కొండలు చూడలేదు అని. దక్షిణపు గుత్తిని కొట్టేశాను.

రెండో తప్పు ఇంకా పెద్దది. అది తప్పని తెలియడానికి నెలలు పట్టింది.

మిగిలిన వరుసల్లో మగా ఆడా కలిసి ఉన్నారు. ఆయన చెల్లెలికి పెళ్ళయింది కాబట్టి ఆమె ఈ పేరు మీద ఉండదు. ఈ పేరు మీదున్న ఆడవాళ్ళు వేరే ఇళ్ళ నుంచి వచ్చిన కోడళ్ళు. వాళ్ళకు ఈ ఇంటి పాత సంగతులు తెలియవు. కాబట్టి చిన్న ప్రోగ్రాం రాసి ఆడవాళ్ళ పేర్లున్న వరుసలన్నిటినీ చదవకుండానే తీసేశాను. మిగిలిన మగవాళ్ళకు ఒక్కొక్కరికీ రాయడం మొదలుపెట్టాను. రోజూ ఆఫీసు నుంచి వచ్చాక ఒక ఉత్తరం. కొందరు జవాబివ్వలేదు, కొందరు చనిపోయారు, కొందరు తమకు అలాంటి అత్తగానీ చెల్లెలుగానీ లేదన్నారు. ఊరి ఆఫీసుకు రాస్తే, ఇంకొకరి వివరాలు మూడో మనిషికి ఇవ్వమని చెప్పారు.

ఒక ఆదివారం నా భార్య వెనక నుంచి తెర చూసింది. మాది కరీంనగర్ దిక్కు, తనది వరంగల్.

"ఏందిది, ఒక్క ఆడామె పేరు కూడ లేదు? ఆ ఊళ్ళ ఆడోళ్ళే పుట్టలేదా?"

"ఉన్నరు, ఫిల్టర్ చేసిన. వాళ్ళంత కోడండ్లు. వాళ్ళకేం తెలుస్తది?"

"గట్లనా. నేను సుత కోడల్నే. మీ తాత ముత్తాతల ముచ్చట్లు నీకెక్కువ తెలుసా నాకా? మీ అమ్మ రోజు గంటసేపు వీడియో కాల్ల ఎవరికి చెప్తది?"

నిజమే, మా వంశం సంగతులు నాకంటే తనకే ఎక్కువ తెలుసు. అయినా ఆ రోజు నేను ఫిల్టర్ తీయలేదు. జాబితాలో ఇంకా రాయాల్సిన మగవాళ్ళు మిగిలి ఉన్నారు. మొదలుపెట్టిన వరస పూర్తిచేయకుండా పద్ధతి మార్చడం నాకు చేతకాదు.

చలికాలం వచ్చేసరికి వాళ్ళూ అయిపోయారు. అప్పటికి ఆయన రెండుసార్లు నా పేరు మరిచిపోయాడు. ఒకసారి నన్ను బిల్డరు మనిషిననుకుని, ఇంక అమ్మేందుకేం లేదని చెప్పాడు. కూతురు డార్విన్ నుంచి ఫోన్ చేసి, తను ముందే చెప్పిన మాటను మళ్ళీ చెప్పకుండా ఎలా సాగుతోందని అడిగింది. సాగుతోందన్నాను. మగవాళ్ళ వైపు నుంచి దారి లేదు కాబట్టి నానమ్మ పుట్టింటి వైపు నుంచి మొదలుపెడదామని నిశ్చయించుకుని, ఆయన ఇంటికి వెళ్ళాను. నానమ్మ ఎవరి పిల్లో తెలిపేదేమైనా ఉందా అని అడిగాను.

ఆయన వంటింటి డ్రాయరు లోంచి ఒక రంగు వెలిసిన ఫొటో తీశాడు. ఆ ఒక్క ప్రయాణంలో తీసుకున్నది. తాతగారి సమాధి. ఒకే రాతి మీద రెండు పేర్లు, పక్కపక్కన రెండు చిన్న గుండ్రటి ఫొటోలు. మగమనిషి కింద వీళ్ళ ఇంటిపేరు. ఆడమనిషి కింద వేరే ఇంటిపేరు.

"మీ తాతతో పాటు పాతిపెట్టిన ఈవిడ ఎవరు?" అని అడిగాను.

"ఎవరేమిటి, మా నానమ్మ. అది వాళ్ళ నాన్న పేరు. అక్కడ ఆడవాళ్ళు పుట్టిన పేరుతోనే..."

ఆయన అక్కడ ఆగిపోయాడు. నేను ఫొటో పట్టుకుని అలాగే ఉన్నాను.  

ఇటలీలో ఆడవాళ్ళు పెళ్ళయినా కాయితాల్లో పుట్టింటి పేరే ఉంచుకుంటారు. నానమ్మ ఉంచుకుంది, వాళ్ళమ్మ ఓడ దిగేవరకూ ఉంచుకుంది. ఇక్కడికి వచ్చాకే మిసెస్ ఫలానా అయింది. ఆయన భార్యా అలాగే అయింది, కూతురూ అయింది. డెబ్భై ఏళ్ళు ఈ దేశపు అలవాటు మధ్య బతికి, తన చిన్నప్పుడు ఇంట్లో చూసినది ఆయన మరిచిపోయాడు. నేను నా అలవాటును వెంట తెచ్చుకుని, కోడళ్ళనుకుని ఏరేసిన ఆ వరుసలన్నీ ఆ ఇంటి ఆడపిల్లలవి. నిజమైన కోడళ్ళు నా జాబితాలో మొదటినుంచీ లేనే లేరు.

"నువ్వు ఇంజనీరువి. నన్ను ఒక్క మాట అడిగి ఉండాల్సింది" అన్నాడు ఆయన.

"మీరు ఇటాలియన్. మీరు చెప్పి ఉండాల్సింది" అన్నాను.

"నేనా? నేను పెర్త్ వాణ్ణి" అని లేచి, కాఫీ పెట్టాడు.

కాఫీ చల్లారేలోపు ఇంటికి వెళ్ళి లాప్‌టాప్ తెచ్చాను. ఫిల్టర్ తీసేస్తే వరుసలు దాదాపు రెట్టింపు అయ్యాయి. ఆ లోయలో పెద్ద ఆడపిల్లకు నానమ్మ పేరు పెట్టడం ఆచారం. చెల్లెలి పేరు కూడా అదే, సమాధి మీద ఉన్నదే. ఆ పేరుతో వెతికితే ముగ్గురు వచ్చారు, ఎందుకంటే ఒకే నానమ్మకు మనవరాళ్ళు చాలామంది ఉంటారు. ముగ్గురికీ ఫోన్ నంబర్లు ఉన్నాయి. ఇక్కడ సాయంత్రం నాలుగు, అక్కడ పొద్దున.

మొదటి నంబరు పనిచేయడం లేదు. రెండో నంబరులో ఒక చిన్న వయసు గొంతు, తాను వేరే ఇంటి అమ్మాయినని చెప్పింది. మూడోది మోగింది, ఎత్తారు. ఆయన ఆ లోయ భాషలో మాట్లాడడం నేను అదే మొదటిసారి వినడం. నాకు ఒక్క ముక్క అర్థం కాలేదు. తరువాత ఆయన, ఆయన కూతురు చెప్పగా తెలిసింది, అది ఎనిమిదేళ్ళ పిల్లవాడు మాట్లాడే భాష అని, అక్కడ ఆగిపోయి ఆయనతో పాటు పెరగలేదని.

అవతల ఆమె ఫోన్ పెట్టేసింది. మళ్ళీ చేశాడు. మళ్ళీ పెట్టేసింది. విదేశంలో ఉన్న బంధువునని చెబుతూ ముసలివాళ్ళకు ఫోన్లు చేసి డబ్బు గుంజేవాళ్ళ గురించి వాళ్ళ టీవీలో చెబుతారట. నేను రేపు చేద్దామన్నాను. ఆయన నా చేతిలోంచి ఫోన్ లాక్కున్నాడు.

మూడోసారి ఆయన తన పేరు చెప్పలేదు. ఆ ఊళ్ళో సగంమందిది ఒకే ఇంటిపేరు. అందుకని ఎవరెవరో తెలియడానికి ఇంటింటికీ ఒక ఊరిపిలుపు ఉండేది. అది ఏ డైరెక్టరీలోనూ ఉండదు, రాతి మీద కూడా చెక్కరు. ఆమె ఎత్తగానే ఆయన రెండు మాటలన్నాడు. తెలుగులో చెప్పాలంటే, కింది తూము వాళ్ళు.

 ఈసారి ఆమె ఫోన్ పెట్టెయ్యలేదు. ఏదో అడిగింది. ఈయన ఒక్క మాటలో జవాబు చెప్పి, ముఖం గోడవైపు తిప్పుకున్నాడు. నేను పెరట్లోకి వెళ్ళి, పనేమీ లేకపోయినా ఖాళీ పెట్టెలు సర్దాను.

తరువాత అడిగితే చెప్పాడు. "ఇన్నేళ్ళూ ఏం చేస్తున్నావు అంది. టమాటాలు పండిస్తున్నానన్నాను."

ఆమెకు పెళ్ళయింది, భర్త పోయాడు, పిల్లలున్నారు. పిల్లలది తండ్రి ఇంటిపేరు. తన ఇంటి తలుపు గంట మీద మాత్రం పుట్టినప్పటి పేరే ఉంది. అన్నయ్యకు తనను వెతకడం సులువు అని ఆమె ఎప్పుడూ అనుకునేదట. తను పేరు మార్చుకోలేదు, ఊరికి రెండు గంటల దూరంలోనే ఉంది. అన్నయ్య వెతకలేదు కాబట్టి తాను అక్కర్లేదనుకుంది. ఈ సంగతి అత్తతో మాట్లాడాక కూతురు నాకు ఫోన్లో చెప్పింది. నాన్నకు చెప్పలేదంది. నేనూ చెప్పలేదు. ఇప్పటికీ ఆమె ఫోన్ మోసాలకు భయపడుతుంది కాబట్టి తన పేరు ఎక్కడా రాయవద్దని నాకు చెప్పించింది. అందుకే ఇందులో ఆ పేరు లేదు.

ఆయన్ను ప్రయాణం చేయించవద్దన్నారు డాక్టర్లు. ఆమే వస్తానంది. వీసా పని, టికెట్ పని నేను చేశాను. ఫిబ్రవరి దాటకూడదని పట్టుబట్టి తేదీ పెట్టించాను. ఎందుకని ఎవరూ అడగలేదు.

ఆ నెలల్లో ఆయనకు కొన్ని మంచి రోజులు, కొన్ని చెడ్డ రోజులు. నేను రోజూ ఆఫీసు నుంచి వస్తూ కంచె దగ్గర ఆగి, ఎవరు వస్తున్నారు అంకుల్ అని అడిగేవాణ్ణి. మంచి రోజున, పరీక్ష పెడుతున్నావా అని తిట్టేవాడు. చెడ్డ రోజున, ఎవరైనా వస్తున్నారా అని అడిగేవాడు. అప్పుడు మొదటినుంచి చెప్పేవాణ్ణి: ఓడ, పిల్ల, నానమ్మ, తూము. ఇంటిపేరు దగ్గర ఒక్కోసారి తడబడేవాడు. తూము దగ్గరికి వచ్చేసరికి తల ఊపేవాడు. విసుగొచ్చిన రోజులున్నాయి. చెప్పడం మాత్రం మానలేదు.

ఈ ఏడాది ఫిబ్రవరిలో అదే పెరడు. అవే పెట్టెలు, యంత్రం, సీసాలు, డ్రమ్ము. నా భార్య పిడి దగ్గర కూర్చుంది. కూతురు గుజ్జు పోస్తోంది, ఆయన గరిటెతో కలుపుతున్నాడు. ఆయన చెల్లెలు ముందు రోజే దిగింది. పొట్టి మనిషి, తెల్లటి జుట్టు. వచ్చీరాగానే బేసిల్ ఆకులు ఏరడంలో నా పద్ధతి తప్పని సైగలతో చెప్పి, బకెట్ తన ముందుకు లాక్కుంది. విమానాశ్రయంలో ఆయన ఆమెను చూసి నమస్కరించినట్టు తల వంచాడు, అంతే. గుర్తుపట్టడానికి ఆయనకు తెలిసిన ముఖం కాదది. ఆయనకు తెలియాల్సింది అది ఎవరి ముఖమో. దారి పొడుగునా ఆయన చెల్లెలు అన్న మాట అనలేదు. కారులో ఎవరమూ అడగలేదు.

పది గంటలకు వెనక వీధి నుంచి ఒకాయన ఖాళీ సీసాలు ఇచ్చిపోవడానికి వచ్చాడు. ఈమె ఎవరని మామూలుగా అడిగాడు. నా భార్య చెయ్యి పిడి మీద ఆగింది. నేను చెప్పబోయి, ఆగాను.

ఆయన గరిటె కింద పెట్టి, చేతులు తుడుచుకున్నాడు. ఆమె పేరు, ఇంటిపేరు పూర్తిగా చెప్పాడు. "నా చెల్లెలు. కింది తూము వాళ్ళం" అన్నాడు.

ఆమె తలెత్తి చూసి, మళ్ళీ ఆకులు ఏరుకుంది. వచ్చినాయన సరేనని సీసాలు పెట్టి వెళ్ళిపోయాడు.

మధ్యాహ్నం ఇంటికి వచ్చి, నా పటం అంచులో పెర్త్ పక్కనున్న అంకె సరిచేశాను. ఆమె తిరుగు ప్రయాణం వరకూ, ఆస్ట్రేలియాలో ఆ ఇంటిపేరు ఉన్నవాళ్ళు ఇద్దరు.